మా పెరూ రూమ్మేట్‌ని "మీదే ఊరు" అని అడిగితే ఏం చెప్పాలి? సముద్రం చూపించడానికి ఎటు తీసుకుపోవాలి?

ఎల్బే_ఒడ్డున:

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద పోస్ట్, ఓపికతో చదవండి ప్లీజ్.

నేను జర్మనీల మాగ్డెబర్గ్‌ల మాస్టర్స్ చేస్తున్న. మాది హుజూరాబాద్ దగ్గర ఒక ఊరు, పుట్టినప్పటి నుంచి బీటెక్‌కి హైదరాబాద్ పోయేదాకా ఒకటే ఇల్లు, అదే వాకిలి, అదే వేపచెట్టు. సముద్రం నేను మొదటిసారి చూసింది బీటెక్ థర్డ్ ఇయర్‌ల వైజాగ్ టూర్ పోయినప్పుడు, అప్పటికి నాకు ఇరవై ఏళ్ళు. ఇదంతా ఎందుకు చెప్తున్నంటే మా రూమ్మేట్ దీనికి పూర్తిగా ఉల్టా. పెరూ అమ్మాయి, ఇరవై ఐదేళ్ళు, మాగ్డెబర్గ్ తనకు ఏడో మకాం. వచ్చిన కొత్తల మనం అందరినీ అడిగినట్టే "మీదే ఊరు" అని అడిగిన. "దానికి నా దగ్గర జవాబు లేదు" అని చెప్పి బాల్కనీలోకి పోయి నిలబడ్డది. నాకు చాలా బాధైంది, నేనేం తప్పు అడిగిన అని. తర్వాత ఈ రెండేళ్ళల్ల వంటింట్ల కూర్చుని కొంచెం కొంచెం చెప్పుకుంటూ వచ్చింది. ఫిబ్రవరి చివర్ల మా అక్క పెళ్ళి ఉంది, తను నాతోటి ఇంటికి వస్తున్నది. అందుకే ఈ పోస్ట్. తనను అడిగే రాస్తున్న, పేరు రాయొద్దు అన్నది, రాయను.

వాళ్ళ నాన్న రోడ్లు వేసే కంపెనీల సర్వేయర్. పని ఎక్కడుంటే అక్కడికి కుటుంబం మొత్తం. తను పుట్టింది పిస్కోల, పెరూ రాజధాని లీమాకి దక్షిణంగా సముద్రం ఒడ్డున. పక్కనే పరాకస్ ఉంటది, అక్కడ ఎర్ర ఇసుక బీచ్, ఫ్లెమింగోలు. 1820ల సాన్ మార్టిన్ అనే సేనాని స్వాతంత్ర్యం కోసం సైన్యంతో అక్కడ దిగి, ఎగురుతున్న ఆ పక్షుల ఎరుపు తెలుపు చూసి పెరూ జెండాకి ఆ రంగులు పెట్టిండు అని వాళ్ళకు స్కూల్ల చెప్పే కథ. తనకు నడక వచ్చింది కూడా ఇసుకలనే అంట.

2007 ఆగస్టు 15 సాయంత్రం భూకంపం వచ్చింది. 8.0 తీవ్రత. తనకు అప్పుడు ఏడో ఏడు నడుస్తున్నది. మట్టి ఇటుకల ఇల్లు, వాళ్ళమ్మ తనను రెక్క పట్టుకుని వీధిలోకి గుంజింది, వెనక్కి చూసేసరికి ఇల్లు లేదు, దుమ్ము ఉంది. పిస్కో నడిమధ్యల చర్చిల ప్రార్థన జరుగుతుంటే కప్పు కూలి చాలామంది అందులనే పోయిన్రు, మొత్తం ఐదువందల మందికి పైగా చనిపోయిన్రు. ఆ రాత్రి సముద్రం కూడా ఒడ్డు దాటి వచ్చింది. ఇది చెప్తున్నప్పుడు తను చేతుల ఉన్న చాకు పక్కన పెట్టి ఉల్లిగడ్డలు అట్లనే వదిలేసింది, నేను కూడా ఏం మాట్లాడలేదు. వాళ్ళమ్మ ఆ తర్వాత ఇప్పటిదాకా నీళ్ళల్ల కాలు పెట్టలేదంట.

అక్కడి నుంచి లీమాల చొర్రియోస్‌ల అమ్మమ్మ ఇంటికి. ఇంటి నుంచి కిందికి పది నిమిషాలు నడిస్తే అగువా దుల్సే అని బీచ్. అమ్మకు భయం కాబట్టి అమ్మమ్మ చెయ్యి పట్టుకుని తీసుకుపోయేదంట, "సముద్రం తప్పేం లేదు, భూమి కదిలితే అదేం చేస్తది" అనేదంట. అక్కడ అల వెనక్కి పోంగనే తడి ఇసుకల వేలు పెట్టి తవ్వితే బొటనవేలంత పీతలు దొరుకుతయి, ముయ్‌ముయ్ అంటరు, పిల్లలందరూ అవి డబ్బాలల్ల పట్టుకుని మళ్ళీ వదిలేస్తరు. జనవరి ఫిబ్రవరి వాళ్ళకు ఎండాకాలం, స్కూల్ సెలవులు, బీచ్‌ల అడుగు పెట్టే సందు ఉండదంట. మిగతా నెలలల్ల ఎక్కువగ లీమా అంతా మబ్బు, మంచు తుంపర, వాన మాత్రం పడదు.

2010ల నాన్నకు పని సెర్రో దె పాస్కోల పడ్డది. ఇది నేను మ్యాప్‌ల చూసిన, సముద్రమట్టానికి 4300 మీటర్ల పైన ఉన్న పట్నం, మధ్యల ఊరినే తినేసిన పెద్ద గని గుంత. బస్సెక్కే ముందు రోజు తను అగువా దుల్సే పోయి ఖాళీ ప్లాస్టిక్ కూల్‌డ్రింక్ సీసాల పిడికెడు ఇసుక వేసి గట్టిగ మూత పెట్టుకుంది. టిక్లియో అని 4800 మీటర్ల ఎత్తుల కనుమ దాటుతుంటే అందరికీ తల పగిలే నొప్పి, వాంతులు, తను ఒళ్ళో సీసా చూస్తే అది ఉబ్బి గట్టిగ రాయి లెక్క అయింది. పైన గాలి పలుచన కదా, లోపలి గాలి సాగుతది, అంతే. కానీ తొమ్మిదేళ్ళ పిల్ల, లోపల సముద్రం ఊపిరి పీల్చుకుంటున్నది అనుకుంది. ఆ రెండేళ్ళు మూత తియ్యలేదు. తీస్తే పోతదని.

అక్కడి పిల్లలు తనను కోస్తెన్యా అని పిలిచేటోళ్ళు, కోస్తా పిల్ల అని. రెండేళ్ళ తర్వాత దక్షిణాన మొయెందో అనే సముద్రం ఊరికి దిగిన్రు, అప్పటికి చలికి బుగ్గలు పగిలి ఎర్రగైనయి, మాట యాస మారింది, అక్కడేమో సెర్రానా అన్నరు, కొండోళ్ళ పిల్ల అని. అక్కడ అది మామూలు మాట కాదు, తక్కువ చేసి అనే మాట. ఇట్ల ఏ ఊరికి పోతే దాని ముందటి ఊరు తనకు పేరైంది, ఉన్న ఊరు ఎప్పుడూ పేరు కాలేదు. నాకు ఇదే అన్నిట్ల కన్నా మనసుల పడ్డది.

మొయెందో ఒక్క ఏడాదే. ఆ సీసా ఇసుక అక్కడ బీచ్‌ల పోసేసిందంట. "ఎందుకు, దాచుకోవాల్సింది కదా" అంటే "ఇసుకకు కూడా నీళ్ళు కావాలి కదా" అన్నది.

2013ల ఉత్తరాన త్రుహియో పక్కన వాంచాకోకి వచ్చిన్రు. తను ఎక్కువ కాలం ఒక్క దగ్గర ఉన్నది ఇక్కడనే, ఐదేళ్ళు. అక్కడ జాలర్లు తొతోరా అని తుంగలాంటి గడ్డి కట్టలు కట్టి పడవ చేస్తరు, ముందు కొన పైకి వంగి ఉంటది, గుర్రం మీద కూర్చున్నట్టు కూర్చుని వెదురు బద్దతో తోస్తరు. స్పానిష్‌ల కబయితో అంటరు, చిన్న గుర్రం అని. స్పెయిన్ వాళ్ళు పెట్టిన పేరు అది, పడవ మాత్రం వాళ్ళ కన్నా చాలా పాతది, 1500 ఏళ్ళ కింద ఆ తీరంల ఉన్న మోచే అనే జనం చేసిన కుండల మీద కూడా ఈ పడవ బొమ్మలు ఉన్నయి. ఊరి పక్కనే మడుగులు తవ్వి ఆ గడ్డి పెంచుతరు, కోసి ఎండబెట్టి కడతరు, రెండు మూడు నెలలకు నాని బరువైపోతది, మళ్ళీ కొత్తది. వేట అయినంక బీచ్ గోడకు వరసగా నిలబెట్టి ఆరబెడతరు. పక్కింటి ముసలాయన తనను వెనక కూర్చోబెట్టుకుని అలల అవతలికి తీసుకుపోయేటోడు, వాపసు వచ్చేటప్పుడు అల మీదనే జారుకుంటూ వచ్చేదంట. సర్ఫింగ్ అదే నేర్పింది నాకు అంటది. ఫోన్ల ఒక ఫోటో ఉంది, తలంతా తడిసి నవ్వుతున్నది, ఇక్కడ నేను అంత నవ్వు ఎప్పుడూ చూడలేదు.

2017ల స్కూల్ ఆఖరి ఏడు మొదలయ్యే టైంల ఎల్ నీన్యో వచ్చింది. వాన పడని ఆ ఎడారి తీరంల వాన. కొండవాగులు బురదతో త్రుహియో వీధులల్లకి ఆ ఒక్క మార్చిల ఏడు సార్లు వచ్చినయి. సముద్రం కాఫీ రంగైంది, వెచ్చగైంది. వాళ్ళ సముద్రం ఎప్పుడూ చల్లన, దక్షిణం నుంచి చల్లటి హంబోల్ట్ ప్రవాహం వస్తది కాబట్టి. నీళ్ళు వెచ్చగైతే చేపలు పోతయి, వానలు వస్తయి, జాలర్లు మొహాలు చూసుకుంటరు. తర్వాత డిగ్రీకి మళ్ళీ లీమా, ఆ తర్వాత ఇక్కడికి. ఇప్పుడు అమ్మానాన్న పెరూలనే అరెకీప అనే ఊర్ల ఉన్నరు, ఆ ఇంట్ల తను మొత్తం కలిపి ఇరవై రోజులు కూడా లేదు.

పోయిన వేసవిల ఇద్దరం డాయిచ్‌లాండ్ టికెట్ అనే నెల పాస్ మీద నాలుగైదు గంటలు రైళ్ళు మారి వార్నెముండె పోయినం, బాల్టిక్ సముద్రం. షూ విప్పి ఉరికింది, దోసిట్ల నీళ్ళు తీసుకుని నోట్లో వేసుకుంది, నా వైపు తిరిగి "ఇందుల ఉప్పు లేదు" అన్నది. నిజమే, బాల్టిక్‌ల ఉప్పు చాలా తక్కువ. అయినా సాయంత్రం దాకా నీళ్ళల్ల నుంచి రాలేదు.

నా ప్రశ్నలు రెండు. ఒకటి, మా అమ్మ, అమ్మమ్మ, పెళ్ళికి వచ్చే అందరూ "మీదే ఊరు బిడ్డా" అని అడుగుతరు, అడగకుండా ఉండరు, వాళ్ళకు అదే పలకరింపు. ముందే అడగొద్దని చెప్పాల్నా, లేకపోతే తనకు ఒక జవాబు తయారు చేసి పెట్టాల్నా? రెండు, పెళ్ళి అయినంక నాలుగు రోజులు మన సముద్రం చూపిద్దామని, ఎక్కడికి తీసుకుపోవాలి? మన దగ్గర నీళ్ళు ఎంత వెచ్చగుంటయి అని అడిగితే ఇరవై ఆరు ఇరవై ఏడు డిగ్రీలు ఉంటయి అని చెప్పిన, తను చాలాసేపు ఏం మాట్లాడలేదు. అది కూడా నాకు కొంచెం భయంగ ఉంది.

గుంతకల్లు_జంక్షన్:

చదివి చాలాసేపు అలా కూర్చుండిపోయానండి. మా నాన్నగారు రైల్వే గార్డు. గుంతకల్లు, ధర్మవరం, మళ్ళీ గుంతకల్లు, బిట్రగుంట, రాజమండ్రి, కాజీపేట. ఆరు స్కూళ్ళు. మీ ఫ్రెండుని ముందటి ఊరి పేరుతో పిలిచేవాళ్ళు అన్నారు చూడండి, అది అక్షరాలా నిజం, రాజమండ్రిలో నన్ను సీమ పిల్ల అనేవాళ్ళు, కాజీపేట వెళ్తే ఆంధ్రా పిల్ల అన్నారు, అక్కడ రెండేళ్ళకి భాష అలవాటై సెలవులకి గుంతకల్లు వెళ్తే మా అత్త పిల్లలు నా మాట విని "ఇదెక్కడి మాట" అన్నారు. పర్మనెంట్ అడ్రస్ అని ఏ ఫారంలో ఉన్నా మా తాతగారి ఊరు రాసేదాన్ని, ఆ ఊర్లో నేను ఎండాకాలం సెలవులు తప్ప ఉన్నది లేదు, ఇప్పుడు ఆ ఇల్లు కూడా లేదు.

అందుకే మీ మొదటి ప్రశ్నకి నాకు తోచింది చెప్తాను. మీ అమ్మగారిని అడగొద్దు అని మాత్రం చెప్పకండి. అడగడం మానేస్తే ఆ అమ్మాయి చుట్టూ ఏదో ఇబ్బంది ఉన్నట్టు అందరికీ తెలిసిపోతుంది, పెళ్ళిల్లు కదా, గుసగుసలు మొదలవుతాయి. మన పెద్దవాళ్ళు మీదే ఊరు అని అడిగేది మ్యాప్‌లో చుక్క కోసం కాదండి. ఈ పిల్లకి వెనక ఎవరున్నారు, అన్నం తింటుందా, అమ్మానాన్న ఎక్కడున్నారు, అది కావాలి వాళ్ళకి. కాబట్టి "అమ్మానాన్న అరెకీపలో ఉంటారు, నేను సముద్రం పక్కన పెరిగాను" అని రెండు ముక్కలు తెలుగులో నేర్పించండి. అబద్ధం కాదు, దాచిందీ కాదు. దాని తర్వాత మీ అమ్మమ్మ తప్పకుండా "అమ్మో అమ్మని వదిలి అంత దూరమా" అంటారు, అక్కడి నుంచి మాట వేరే దారిలో పోతుంది.

ఒక్క విషయంలో మాత్రం నేను ఒప్పుకోను. ఇలాంటి కథలు విన్నప్పుడు సముద్రమే ఆమె ఊరు అని చెప్పేయాలనిపిస్తుంది, వినడానికి బాగుంటుంది, రేపు ఇక్కడ ఎవరో ఒకరు రాస్తారు కూడా. నాకు అలా అనిపించలేదు. ఏడు చోట్ల నాలుగైదు వేరు వేరు తీరాలు, ఒక్కోటి ఒక్కో రకం. చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళిన అమ్మమ్మ, పడవ వెనక కూర్చోబెట్టుకున్న ముసలాయన, వాళ్ళు లేకపోతే అవి ఉత్త నీళ్ళే. నాకు కూడా ఏ స్టేషన్లో డీజిల్ వాసన వచ్చినా ఇల్లు గుర్తొస్తుంది గానీ అది డీజిల్ గొప్ప కాదు కదా, డ్యూటీ దిగి వచ్చిన నాన్న చొక్కా వాసన అది. అమ్మమ్మ ఇంకా ఉన్నారా? వీలైతే అడిగి చెప్పండి.

ఉప్పాడ_అబ్బాయి:

మాది ఉప్పాడ అండి, కాకినాడ పక్కన. వేట కుటుంబం. నేను కాకినాడలో జాబ్ చేస్తున్నాను గానీ నాన్న, బాబాయి ఇంకా వేటకి వెళ్తారు.

ఆ గడ్డి పడవ గురించి చదివాక మా తాత తెప్ప గుర్తొచ్చిందండి. మా దగ్గర ఇప్పుడు అన్నీ ఫైబర్ బోట్లే, వాటిని కూడా అలవాటు కొద్దీ తెప్పలనే అంటాం, కానీ అసలు తెప్ప అంటే తేలిక చెక్క దుంగలు పక్కపక్కన పెట్టి తాడుతో కట్టేది. లోపల కూర్చునే గుంత ఉండదు, నీళ్ళు పైకి వచ్చి కిందికి పోతాయి, కాబట్టి మునగదు. వేట నుంచి వచ్చాక తాడు విప్పేసి దుంగలు విడివిడిగా ఇసుకలో ఆరబెట్టేవారు, లేకపోతే నీళ్ళు పీల్చి బరువెక్కిపోతాయి. వాళ్ళేమో గడ్డి పడవని గోడకి నిలబెట్టి ఆరబెడతారు అన్నారు కదా, అదే పనండి ఇది. ఎక్కడి పెరూ ఎక్కడి ఉప్పాడ, ఒకరినొకరు చూడకుండానే నానిపోయేదాన్ని ఎండబెట్టుకుని మళ్ళీ సముద్రంలోకి దిగారు. నాకైతే ఒళ్ళు జలదరించింది.

ఇంకో మాట అండి. ఆవిడ ఊళ్ళు మారింది అన్నారు, మేము ఊరు మారకుండానే ఇళ్ళు మారాం. మా సముద్రం ఒడ్డుని కోసేస్తుంది, తుఫాను వస్తే బీచ్ రోడ్డు మీదకి రాళ్ళు వచ్చి పడతాయి, రోడ్డే తెగిపోతుంది. తాత కట్టిన ఇల్లు ఉన్న చోట ఇప్పుడు నీళ్ళు, నాన్న మొదట కట్టింది కూడా పోయింది, ఇప్పుడున్నది మూడోది. మా నానమ్మ సముద్రం వైపు చూపించి "మీ నాన్న పుట్టింది అదిగో అక్కడ" అంటుంది, అక్కడ అలలు తప్ప ఏమీ ఉండవు. అయినా ఇంకో చోటికి వెళ్దామంటే రాదు. పొద్దున్నే లేచి ముందు గంగమ్మకే దండం పెడుతుంది. తీసుకునేది ఆవిడే, పెట్టేది ఆవిడే అంటుంది. పైన గుంతకల్లు అక్క ఉత్త నీళ్ళే అన్నారు గానీ మాకు అలా కాదండి, మనుషుల లాగానే సముద్రం కూడా ఇంట్లో ఒక మనిషి. తప్పుగా అనుకోకండి అక్కా.

నీళ్ళు వెచ్చగా ఉంటాయంటే ఆవిడ ఎందుకు మాట్లాడలేదో నాకు అర్థమైందండి. మా సముద్రం మామూలుగానే వెచ్చన, అదే మాకు మంచి రోజు. కానీ వర్షాకాలం దాటాక అక్టోబరు నవంబరులో నీళ్ళు బాగా వెచ్చగా ఉంటే తుఫానుకి అదే బలం, కాబట్టి వెచ్చదనం అంటే మాకూ కొంచెం భయమే. ఫిబ్రవరిలో మాత్రం సముద్రం నెమ్మదిగా ఉంటుంది, ఆ మాట ఆవిడకి చెప్పండి. వేట నిషేధం కూడా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకానే, ఫిబ్రవరిలో బోట్లు తిరుగుతాయి. ఉప్పాడ తీసుకురండి, తెల్లవారు జామున బోట్లు వచ్చేటప్పుడు చూపిస్తాను. ఈత కొట్టే బీచ్ కాదు, రాళ్ళు ఉన్నాయి, ముందే చెప్తున్నాను. మా అమ్మ చేపల పులుసు పెడుతుంది. పెళ్ళి అంటున్నారు కాబట్టి మా జాందానీ మగ్గాలు కూడా చూడొచ్చు.

లీమాలో_రెండేళ్ళు:

ఫార్మా కంపెనీ తరఫున రెండేళ్ళు లీమాలో ఉన్నాను, మిరాఫ్లోరెస్‌లో. పోస్టులో రాసినవన్నీ కళ్ళ ముందు కనిపించాయి. చొర్రియోస్‌లో జాలర్ల రేవు ఉంటుంది, బోట్లు రాగానే చేపలు కోసే బల్లల పక్కన పెలికన్లు మనుషుల్లా నిలబడి ఎదురుచూస్తాయి, ఆదివారం పొద్దున నేను అక్కడికే వెళ్ళేవాడిని. నేను ఉండింది సముద్రం పైన కొండ అంచున పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్ల మధ్య, వాళ్ళ అమ్మమ్మగారిలాంటి వాళ్ళు ఉండేది వేరే లీమా. మన బజాజ్ ఆటోలు అక్కడ వీధి వీధికీ తిరుగుతాయి, మోటోటాక్సీ అంటారు. మీ హుజూరాబాద్‌లో ఆటో కనిపించగానే ఆమె మొహం చూడండి, మీకే తెలుస్తుంది.

సెర్రానా అనే మాట గురించి మీరు రాసింది కరెక్ట్. లీమాలో సగం కుటుంబాలు ఒక తరం రెండు తరాల కింద కొండల నుంచి దిగినవే, అయినా ఆ మాట ఉంది. నా ఆఫీసులో ఒకతను వాళ్ళ నాన్నమ్మతో ఫోన్‌లో కొండల వాళ్ళ భాష కెచువాలో మాట్లాడాల్సి వస్తే మెట్ల దగ్గరికి వెళ్ళి మాట్లాడేవాడు. నాకు అది చూసి చాలా బాధగా ఉండేది, ఎందుకంటే మన దగ్గర యాసల మీద జరిగేది నాకు తెలుసు కాబట్టి.

రెండు చిన్న సంగతులు. ఒకటి, పెళ్ళిలో ఎవరైనా పెరూ అనగానే కొండల్లో ఇంకా రాజులు కట్టిన మాచు పిచ్చు గురించి అడుగుతారు, పాపం ఆమె పెరిగింది పూర్తిగా వేరే పెరూలో. వాంచాకో పక్కన చాన్ చాన్ ఉంది, ఇంకాల కంటే ముందు చీమూ వాళ్ళు మట్టితో కట్టిన రాజధాని, 1986 నుంచి యునెస్కో లిస్టులో ఉంది, గోడల మీద చేపలు, సముద్రపక్షులు, అలలు చెక్కి ఉంటాయి. నేను వెళ్ళిన రోజు పొగమంచు, ఆ గోడల మధ్య నిలబడితే దూరం నుంచి అలల చప్పుడు వినిపించింది. మీరు దాని గురించి అడగండి, ఆమె వదలకుండా చెప్తుంది. రెండోది తిండి. సెవిచె వాళ్ళకి మన ఆవకాయన్నం లాంటిది, పచ్చి చేప ముక్కలు నిమ్మరసంలో, ఉల్లిపాయ, మిరపకాయ. దాన్ని మధ్యాహ్నమే తింటారు, రాత్రి చాలామంది ముట్టుకోరు, పొద్దున పట్టిన చేప పొద్దు వాలకముందే తినాలని. 2023లో దానికి కూడా యునెస్కో గుర్తింపు వచ్చింది. కరీంనగర్ వైపు పచ్చి చేపతో ప్రయత్నం చేయకండి, ఉప్పాడ తమ్ముడి ఇంటి పులుసే బెస్ట్.

ఇంకోటి చెప్పాలా వద్దా అనుకున్నాను. 2022 జనవరిలో లీమాకి ఉత్తరాన వెంతానియా దగ్గర ట్యాంకర్ నుంచి వేల బారెళ్ళ చమురు సముద్రంలో కలిసింది. ఎండాకాలం మధ్యలో. బీచ్‌లు మూసేశారు, నల్లగా తడిసిన పక్షుల్ని జనం చేతుల్లో ఎత్తుకుని వచ్చారు, జాలర్లకి నెలల తరబడి పని లేదు. అప్పుడు ఆమె లీమాలోనే ఉండి ఉంటుంది కదా. మాటల్లో వైజాగ్ పోర్టు, ఆయిల్ ట్యాంకర్లు వస్తే ఆమె మొహం మారితే ఇదే కారణం కావచ్చు, ముందే తెలిసుంటే మంచిదని రాశాను.

భీమిలి_రోడ్:

నాలుగు రోజులంటే నా సలహా: రెండు రోజులు వైజాగ్ భీమిలి, ఒక రోజు దారి, ఒక రోజు ఉప్పాడ. కాజీపేట వరంగల్ నుంచి రాత్రి రైలెక్కితే పొద్దున్నకి వైజాగ్.

ఆమెకి ఈత, సర్ఫింగ్ వచ్చు కాబట్టి ముఖ్యంగా చెప్తున్నాను, మా సముద్రాన్ని తేలిగ్గా తీసుకోవద్దని చెప్పండి. ఆర్కే బీచ్‌లో ఒడ్డు దగ్గరే లోతు వచ్చేస్తుంది, లోపలికి లాగే ప్రవాహాలు ఉంటాయి, యారాడలో కూడా అంతే. ఏటా ఈత బాగా వచ్చిన పిల్లలే పోతున్నారు, నా క్లాస్‌మేట్ ఒకడు అలాగే పోయాడు, అందుకే ఈ మాట ఎవరికైనా చెప్తాను. నీళ్ళలోకి దిగాలంటే రుషికొండ, అక్కడ లైఫ్‌గార్డులు ఉంటారు, శుభ్రత, భద్రత చూసి ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020లో వచ్చిన బీచ్, సర్ఫింగ్ చేసేవాళ్ళు కూడా దొరుకుతారు.

ఫిబ్రవరి చివర అంటే ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టే కాలం. రాత్రుళ్ళు ఒడ్డుకి వస్తాయి, ఫారెస్ట్ వాళ్ళు గుడ్లు ఏరి కంచె వేసిన చోట పాతిపెడతారు, పిల్లలు బయటికి వచ్చాక నీళ్ళలోకి వదులుతారు. గుడ్డు నుంచి పిల్ల రావడానికి నెలన్నర పైనే పడుతుంది కాబట్టి చివరి వారంలో కొంచెం అదృష్టం ఉంటే వదిలేది చూడొచ్చు. టార్చ్ వేయకూడదు, అంతే.

ఆమె వాంచాకోలో ఉంది అన్నారు కదా, ఒక సంగతి ఆమెకి చెప్పండి, ఆసక్తిగా వింటుంది అనుకుంటున్నా. నేను సివిల్, తీరం కోత మీద ప్రాజెక్ట్ చేశాను. మా తీరంలో ఏడాది మొత్తం లెక్క చూస్తే ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. మధ్యలో పోర్టు కోసం గోడ కడితే ఇసుక దాని వెనక ఆగిపోతుంది, ఉత్తరాన ఉన్న బీచ్ ఆకలితో అరిగిపోతుంది. వైజాగ్ ఔటర్ హార్బర్ దక్షిణాన, ఆర్కే బీచ్ ఉత్తరాన, అందుకే పోర్టు వాళ్ళు ఇసుక తవ్వి బీచ్ మీదకి పంప్ చేస్తుంటారు. వాంచాకోది అచ్చం ఇదే కథ. దానికి దక్షిణాన సలవెర్రి పోర్టు, అక్కడ గోడ, ఉత్తరాన ఉన్న బీచ్‌లు ఒక్కొక్కటే సన్నబడ్డాయి. మేము చదువుకున్న ఉదాహరణల్లో అది ఒకటి. ఆ పడవల్ని ఆరబెట్టే గోడ కిందికి ఇప్పుడు నీళ్ళు వస్తున్నాయేమో అడగండి.

ఎల్బే_ఒడ్డున:

అందరికీ చాలా చాలా థాంక్స్. రెండు సాయంత్రాలు కూర్చుని అన్నీ చదివి వినిపించిన, నా ఇంగ్లిష్, తన జర్మన్, కొంచెం స్పానిష్, అన్నీ కలిపి.

గుంతకల్లు అక్కా, అమ్మమ్మ 2021ల కరోనా టైంల చనిపోయింది. ఆక్సిజన్ సిలిండర్ కోసం తను రాత్రంతా లైన్ల నిలబడ్డది, పొద్దున దొరికింది, ఇంటికి పోయేసరికి అయిపోయింది. ఈ విషయం నాకు రెండేళ్ళల్ల ఎప్పుడూ చెప్పలేదు, మీరు అడిగిన్రు అని చెప్తే అప్పుడు చెప్పింది. ఆ తర్వాత అగువా దుల్సే పోలేదంట. మీ మాట నిజమే అన్నది, అమ్మమ్మ లేకపోతే అక్కడ దిగబుద్ధి కాలేదు అని. కానీ వేరే బీచ్‌లకు పోయిన అన్నది, పోకుండా ఉండలేకపోయిన అన్నది, అంటే ఉప్పాడ తమ్ముడు చెప్పింది కూడా నిజమే అనుకుంట. మీరు చెప్పిన రెండు ముక్కలు నేర్చుకుంటున్నది. "నేను సముద్రం పక్కన పెరిగిన" బాగనే వస్తున్నది, వేరే మాటలల్ల వచ్చే ళ ఒక్కటి కష్టమైతున్నది.

లీమాల ఉన్న అన్నా, మీరు చెప్పి మంచి పని చేసిన్రు. చమురు పడ్డప్పుడు తను క్లాస్‌మేట్స్‌తో కలిసి అక్కడి అంకోన్ బీచ్‌కి పోయిందంట, పక్షులను కడిగే దగ్గర బకెట్లు మోసింది. మాచు పిచ్చు ఇప్పటిదాకా చూడనే లేదు.

భీమిలి అన్నా, వాంచాకో గోడ గురించి అడిగిన. వెంటనే ఫోన్ తీసి పాత ఫోటోలు పక్కపక్కన పెట్టి చూపించింది, ఇసుక సగం కూడా లేదు. తాబేళ్ళ మాట వినంగనే వెంటనే టికెట్ తేదీలు చూడమన్నది. నీళ్ళ వెచ్చదనం గురించి ఉప్పాడ తమ్ముడు రాసింది రెండుసార్లు చదివించుకుంది. "వాళ్ళకు వెచ్చగుంటేనే మామూలా" అని మళ్ళీ మళ్ళీ అడిగింది, అవును అంటే సరే దిగుత అన్నది.

ఇంకో చిన్న ముచ్చట. తెలుగుల ఆ నీళ్ళు లేచి వచ్చేదాన్ని ఏమంటరు అని అడిగితే అల అని చెప్పిన. వాళ్ళ భాషల ఓలా. నమస్తే చెప్పే ఓలా వేరే, పలికేది మాత్రం ఒకటే. అప్పటి నుంచి పొద్దున లేవంగనే నాకు గుడ్ మార్నింగ్ బదులు "అల" అంటున్నది.

ఉప్పాడ తమ్మీ, మేము తప్పకుండా వస్తున్నం. తను నిన్ను ఒకటి అడగమన్నది. మీ తాత తెప్ప దుంగలు ఏ చెట్టువి, అవి ఎన్నేళ్ళు వచ్చేవి? తొతోరా మూడు నెలలే కదా, చెక్క అంటే ఎక్కువ వస్తది అని తన లెక్క.

ఉప్పాడ_అబ్బాయి:

నాకు సరిగ్గా తెలీదండి, తప్పు చెప్పకూడదు. నాన్న ఇప్పుడు వేటలో ఉన్నారు, రేపు పొద్దున్న ఒడ్డుకి వస్తారు. అడిగి రాస్తాను. తాత దుంగ ఒకటి ఇంటి వెనక నానమ్మ బట్టలు ఉతికే బండలా వాడుతుంది, దాని ఫోటో కూడా పెడతాను, ఆవిడకి చూపించండి.